కొట్టేసిన జవాబు

ఆదివారం పొద్దున కూర పొయ్యి మీద పడేసి, డైనింగ్ టేబుల్ మీద పదో తరగతి లెక్కల పేపర్లు దిద్దుతున్నాను. ముప్ఫై రెండోది మా అమ్మాయిది. సొంత కూతురి పేపరు దిద్దడమేమిటంటే, మా స్కూల్లో పదో తరగతికి లెక్కల టీచర్ని నేనొక్కదాన్నే. ఏడో ప్రశ్న ఎనిమిది మార్కులది. మొదటి మెట్టు నుంచి చివరిదాకా ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా చేసి, మొత్తం మీద అడ్డంగా ఒక గీత కొట్టేసింది. దాని కింద ఇంకేదో తప్పులతడక జవాబు. కొట్టేసినదానికి మార్కులు వెయ్యకూడదు. ఏటా పరీక్షకి ముందు క్లాసులో గొంతు చించుకుని ఆ మాట చెప్పేది నేనే.

పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. మగపిల్లలు తప్పు జవాబు చుట్టూ కూడా దర్జాగా డబ్బా గీస్తారు. ఆడపిల్లలు ఒప్పుని కొట్టేస్తారు. అయినా రిపోర్టుల్లో వాళ్ళకి "తెలివైనవాడు, శ్రద్ధ పెట్టాలి" అనీ, వీళ్ళకి "కష్టపడుతుంది" అనీ రాసిన చెయ్యి నాదే. తలుచుకుంటే సిగ్గేసింది.

ఆ ఎనిమిదీ వేస్తే ఎనభై రెండు, వచ్చే ఏడు మా స్కూల్లోనే పదకొండో తరగతి పై లెక్కల సెక్షన్లో సీటు. వెయ్యకపోతే డెబ్బై నాలుగు. వేసినా ఎవరికీ తెలియదు. కూర మాడు వాసన వచ్చేదాకా ఎర్ర పెన్ను పట్టుకుని అలాగే కూర్చున్నాను.

"ఎందుకు కొట్టేశావే?" బట్టలు మడత పెడుతున్న పిల్లని అడిగాను.

"మరీ తేలిగ్గా వచ్చేసిందమ్మా. నాకే అంత తేలిగ్గా వచ్చిందంటే తప్పే అయ్యుంటుందనుకున్నా."

సున్నా వేశాను. మిగతా అమ్మాయిలు కొట్టేసుకున్నవాటికి కూడా అదే వేశాను మరి.

భోజనాల దగ్గర ఆయన మొదట మాడిన కూర సంగతి తేల్చి, తర్వాత ఈ సంగతి విన్నారు. "పోన్లే, మంచికే అయింది. ఆడపిల్లకి అంత బుర్ర బద్దలుకొట్టుకోవడం దేనికి? నీలా ఏదో టీచరుద్యోగం చేసుకుంటే చాలదూ!" ఆ 'ఏదో' అన్న మాట ముద్దతోపాటు మింగాను.

సీటుకి కావలసిన ఎనభైకి పది లోపు తగ్గితే ఇంట్లోవాళ్ళు అర్జీ పెట్టుకోవచ్చు, మళ్ళీ చిన్న పరీక్ష పెడతారు. ఏటా మగపిల్లల తండ్రులు వరస కడతారు. "మావాడికి బుర్రుంది మేడమ్, బద్ధకం అంతే." ఆడపిల్ల కోసం ఇంతవరకూ ఒక్కరూ రాలేదు. రేపు నేను పెడతానన్నాను.

"తల్లే సున్నా వేసి తల్లే అర్జీ పెడుతుందా? నలుగురూ నవ్విపోతారు."

"నవ్వనివ్వండి."

ఆయనకి ఎదురు చెప్పడం నాకు కొత్త. అయినా గిన్నెలు సింకులోనే వదిలేసి, కూర్చుని అర్జీ రాశాను. ఇన్నేళ్ళకి ఒక పని సరిగ్గా చేస్తున్నానని చెప్పలేనంత సంతోషం కలిగింది. కింద పిల్ల సంతకం కూడా కావాలి. పెన్ను చేతికిచ్చాను.

అది రెండుసార్లు చదువుకుంది. పెన్ను పక్కన పెట్టేసింది.

"ఇందులో తప్పులున్నాయేమోనమ్మా. నాన్నకి చూపించావా? నువ్వు ఏం రాసినా చూపిస్తావుగా."