మాస్టారి చేతులకు దారం

కంప్యూటర్ మాస్టారి మనసు వెన్న, చేతులే దుడుకు. ల్యాబులో మగపిల్లాడెవడైనా తడబడితే, చేతులు వెనక్కి కట్టుకుని "ఆలోచించరా, అదే వస్తుంది" అనేవాడు. ఆడపిల్ల తడబడితే మాత్రం ఆయన ప్రాణం ఉసూరుమనేది. "ఇటివ్వమ్మా" అని మౌసు అందుకుని, చిటికెలో పని ముగించి, నవ్వుకుంటూ వెళ్లిపోయేవాడు. సాయమంటే అదేననుకున్నాడు, మహానుభావుడు.

అలాంటి సాయంతోనే దర్జీ అక్క పరీక్ష తప్పింది. వయసులో పెద్దది కాబట్టి ల్యాబంతటికీ ఆమె అక్కే. పరీక్ష గట్టెక్కితే, తను కుట్టే చోటే దుస్తుల నమూనాలు కంప్యూటర్లో గీసే పని ఇస్తామన్నారు. ఇక మిగిలింది ఒక్క అవకాశం.

"అన్నీ చెప్పాను కదమ్మా, ఎలా తప్పావు?" అన్నాడు మాస్టారు నొచ్చుకుంటూ.

"చెప్పలేదు సార్, చేసిపెట్టారు. మీరు పక్కనుంటే నాకన్నీ వచ్చు, లేకపోతే ఏదీ రాదు. ఆ వెనక బెంచీ కుర్రాళ్ల మౌసు ఒక్కసారైనా ముట్టుకున్నారా?"

ఎంత తరచి చూసుకున్నా మాస్టారికి ఒక్కసారీ గుర్తు రాలేదు. సిగ్గుతో తల వాలిపోయింది. "అలవాటైపోయిందమ్మా. చేతులు ఊరుకోవు."

"దానికి మందుంది," అని అక్క సంచీలోంచి నీలం దారపు చిలప, అంటే వదులుగా చుట్టిన దారపు కట్ట, తీసి, ఆయన రెండు చేతులకూ కలిపి తగిలించింది. "కదిపితే చిక్కుపడుతుంది. విప్పాల్సింది మీరే."

ల్యాబంతా గొల్లున నవ్వింది. నెల రోజులు మాస్టారు ఆ దారంతోనే పాఠం చెప్పాడు. అక్క తప్పు గీత గీస్తుంటే చేతులు దురద పెట్టేవి. "ఏమనుకుని గీశావమ్మా?" అని మాత్రం అడిగి, పంటిబిగువున ఊరుకునేవాడు. ఆమె చెరిపేది, మళ్లీ గీసేది. నాలుగోసారికి చొక్కా చేతి వంపు కుదిరింది. తను చేసిపెట్టిన వంద పనుల్లో ఏదీ ఆయనకు అంత సంతోషం ఇవ్వలేదు.

మళ్లీ పరీక్ష రోజున ఆయన గది బయటే నిలబడ్డాడు, దారంతో సహా. అక్క తెరమీదే ఫలితం చూసుకుని బయటికొచ్చి, దారం కొస పట్టుకుని నింపాదిగా చుట్టసాగింది.

"అయిందా లేదా చెప్పు తల్లీ, చస్తున్నాను."

"పాసయ్యాను సార్. ఇక మీ చేతులు మీవి."

మాస్టారి కళ్లు చెమర్చాయి. అంతలో ల్యాబులోంచి కొత్తగా చేరిన అమ్మాయి పిలిచింది. "సార్, ఇది రావట్లేదు. కాస్త చేసిపెట్టరూ?"

మాస్టారు ఖాళీ అయిన చేతులవైపు చూసుకుని, మళ్లీ అక్క ముందు చాపాడు.

"ఇంకో చిలప ఉందా అక్కా?"