కొత్తకోడలి చేప

కైరువాన్ సత్రంలో మొంధర్ మేజోళ్ళను తను ఉతికి కిటికీకి ఆరేస్తుంటే ఎమ్నాకు మొదటి అనుమానం పుట్టింది. పెళ్ళయిన మూడోనాడే ఇద్దరూ వీపున సంచులు తగిలించుకుని ఊళ్ళు తిరగడానికి బయల్దేరారు. ట్యూనిస్ దాటి పెద్దగా ఏమీ చూడని పిల్ల, అతను ఆ మాట అనగానే ఎగిరి గంతేసింది. తీరా చూస్తే అతని సంచిలో రెండు చొక్కాలు, ఒక ప్యాంటు. తన సంచిలో ఉన్ని కోటు, చలికాలం బూట్లు, దుప్పటి. సర్దింది అతనే. మే నెలలో చలేమిటని అడిగితే నవ్వేశాడు. వారం తిరుగుడికి ఎవరైనా ఇంత మోయిస్తారా? కమిలిపోయిన భుజాలు ఆమెవి, సబ్బు పట్టిన చేతులూ ఆమెవే. పెళ్ళాం రాగానే మగాడి చేతులకు సబ్బు పడదు కాబోలు.

సూస్‌కి వచ్చేసరికి అనుమానం ముదిరింది. ఫోను మోగితే అతను సముద్రం వైపు నడుస్తాడు. ఆమె దగ్గరికి రాగానే ఫుట్‌బాల్ కబుర్లు మొదలుపెడతాడు. ఇంకో ఆడదేమో అనుకుని ఆ పూట అన్నం సహించలేదు. కానీ ఇంకో ఆడది ఉన్నవాడు, 'మీ మందుల షాపు యజమాని సెలవు పెంచుతాడా' అని పదేపదే ఎందుకడుగుతాడు? సోమవారం చేరకపోతే ఆ ఉద్యోగం ఉండదని ఆమె పెళ్ళికి ముందే చెప్పింది. తిరిగి ఎప్పుడు వెళ్తామంటే మాత్రం, "చూద్దాంలే." ఆ మాట నాన్న అమ్మతో అనగా వింటూ పెరిగింది ఎమ్నా. నిర్ణయం అయిపోయింది, నీకు చెప్పడమే మిగిలింది అని దాని అర్థం.

చివరి ఊరు స్ఫాక్స్. అక్కడ మొంధర్ అక్క హెడియా ఇల్లు. తుంటి విరిగి మంచం పట్టిన అత్తగారు ఆ ఇంట్లోనే ఉంటుంది. ప్రయాణం హడావిడిలో పెళ్ళి తర్వాత చేపల వేడుక జరగలేదు కదా, ఇక్కడ కానిచ్చేద్దామని హెడియా చుట్టాల్ని పిలిచి రెండు పెద్ద చేపలు తెచ్చింది. కొత్త దంపతులు చెరొకటి కొయ్యాలి. ముందు ఎవరు తెగ్గోస్తే ఇంట్లో పెత్తనం వాళ్ళది. మామూలుగా పెళ్ళికూతురి వాళ్ళు అల్లుడి చేపలో ఏదో ఒకటి దూర్చి అతన్ని ఏడిపిస్తారు. ఇక్కడ ఎమ్నా వైపు వాళ్ళెవరున్నారు? ఆమె కత్తి సగంలోనే ఆగిపోయింది. మొంధర్ చేప రెండు ముక్కలైంది. చుట్టాలందరూ నవ్వులే నవ్వులు. ఎమ్నా తన చేపలో వేలు పెట్టి చూస్తే ఇనప ఊచ.

హెడియా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ, "పెత్తనం మా తమ్ముడిదే. రా మరదలా, అమ్మకి ఏ మందు ఎప్పుడెయ్యాలో చూపిస్తా. ఎల్లుండి నేను మా ఆయన దగ్గరికి సముద్రం దాటి లియోన్ వెళ్ళిపోతున్నాగా," అంది.

ఎమ్నా మొంధర్ వైపు చూసింది. అతను చేపకేసి చూస్తున్నాడు.

"కొన్నాళ్ళేలే. చలికాలం వెళ్ళేదాకా. నాకు ట్యూనిస్‌లో ఉద్యోగం ఉంది కదా."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వచ్చేదానివా?"

కోపం కంటే ముందు సిగ్గేసింది ఆమెకు, ఇన్నాళ్ళూ అనుమానించి కూడా వెంట వచ్చినందుకు. మంచం మీంచి అత్తగారు సన్నగా అంది: "అదేంట్రా, ఆ పిల్లే వచ్చి ఉంటానందని కదా నాతో చెప్పావు." ఆవిడకూ అబద్ధమే చెప్పాడన్నమాట. ముసలావిడ మీద ఎమ్నాకు ఒక్కసారిగా జాలి పొంగింది. అయినా జాలిపడి ఆగిపోయిన ఆడవాళ్ళను తన ఇంట్లోనే చూసింది.

నిమ్మచెక్కతో చేతులు రుద్ది కడుక్కుంది. వెళ్ళి అత్తగారి నుదుటి మీద ముద్దు పెట్టింది. "మీ దగ్గర మీ అబ్బాయి ఉంటాడు అత్తయ్యా," అంది.

మొంధర్ గుమ్మం దాకా వచ్చాడు. "అందరి ముందూ పరువు తీస్తావా? ఎక్కడికి, నన్ను అడక్కుండా?"

"ట్యూనిస్‌కి, నా ఉద్యోగానికి. అడగడం లేదు," అంది ఎమ్నా, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ. "నువ్వు చెప్పకుండా తీసుకొచ్చావు. నేను చెప్పే వెళ్తున్నాను."