నోట్‌బుక్కులో లేని జ్వరం

తండ్రి పక్కబట్టలు మహెక్ మడతపెడుతుంటే దిండు కింద నుంచి జ్వరం మాత్రల ఖాళీ అట్ట జారిపడింది. దుప్పటి చెమటతో తడిసి ఉంది.

పన్నెండు రోజుల కింద ఆమె తండ్రి నబీ కాలేయంలోని క్యాన్సర్ గడ్డను సూదితో కాల్చారు. చలిజ్వరం వస్తే లోపల చీము పడుతుండొచ్చు, ఆ పూటే తీసుకురమ్మని డాక్టర్ చెప్పాడు. రోజూ రెండుసార్లు జ్వరం చూసి నోట్‌బుక్కులో రాస్తున్నది మహెకే. అన్నీ తొంభై ఎనిమిదులే.

"అమ్మీ, ఇవెవరు మింగిన్రు?"

అక్బరీ బేగం గోంగూర ఏరడం ఆపలేదు. "నువ్వు చూసే ముందుగాల నేనే ఒకటి ఇస్తాన. నంబర్ మంచిగుంటే మల్ల వరంగల్ దవాఖానకు రమ్మనరని."

"డాక్టర్ ఏమన్న పదో తరగతి పరీక్ష పెట్టిండా, కాపీ కొట్టి పాస్ గానీకి? ఎన్ని దినాల సంది?"

"నాలుగు."

"నాలుగు దినాలు నాతోని అబద్ధం రాయించినవ్! అబ్బాకు లోపల చీము పడి పానం పోతే, గీ నోట్‌బుక్కు సూసుకుంట కూసుంటవా?"

"అమ్మీని అనకు బిడ్డా, నేనే ఇయ్యమన్న," అన్నాడు మంచం చివర కూర్చున్న నబీ. అతని పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

మహెక్ అతనికి థర్మామీటర్ పెట్టింది. నూట మూడు. పేజీ నిండా అంత పెద్దగా రాసి, నోట్‌బుక్కు అతని ఒళ్లో పడేసింది.

నబీ ఆ అంకెను చూశాడు. గోడ పట్టుకుని లేచి, మేకుకున్న దవాఖాన ఫైలు సంచి తీసుకుని గడప దాటాడు.