వసంతకుమారి సెలవు

ప్రార్థనకు వచ్చేవాళ్ళ కోసం వసంతకుమారి ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతోంది. ఆ ప్రార్థన ఆమె ఆరోగ్యం కోసమే.

ఆమె జెర్సీ సిటీలో ఒక హాస్పిటల్లో నర్సు. భర్త అబ్రహాం ఇంజనీరు లైసెన్సు పరీక్షకు చదివినన్నాళ్ళూ ఆమె వరసగా రెండేసి షిఫ్టులు చేసింది. ఆ రోజుల్లో గిన్నె మూత చప్పుడైనా అత్తగారు కసిరేది. "వాడి బుర్ర అలిసిపోయుంది కుమారీ, మెల్లిగా" అనేది. అతను పాసయ్యాడు. ఆమె షిఫ్టులు మాత్రం తగ్గలేదు.

మొన్న చలికాలంలో వార్డులో మందుల బీరువా తెరిచి, దేనికోసం వచ్చిందో తెలియక అలాగే నిలబడిపోయింది. కాసేపటికి నేలమీద కూర్చుని ఏడ్చింది. హెడ్ నర్సు ఇంటికి పంపించేసింది. డాక్టరు అబ్రహాంని కూర్చోబెట్టి, దీన్ని బర్నౌట్ అంటారు, పని మీద పని పడి మనిషి పూర్తిగా అలిసిపోవడం, మందు విశ్రాంతే, ఇంటి పని మీరు అందుకోవాలి అని చెప్పాడు. కార్‌లో అబ్రహాం ఆమె చెయ్యి పట్టుకుని, ఇక నువ్వేమీ పట్టించుకోకు అన్నాడు. ఆ మాటకే ఆమెకు సగం తగ్గినట్టనిపించింది.

ఒక వారం పిజ్జాలు వచ్చాయి. తర్వాత, ఎలాగూ ఇంట్లోనే ఉన్నావుగా అన్న మాట మొదలైంది. ఆ మాట మీదే వాళ్ళ రెండేళ్ళ పాపను చూసే బేబీసిట్టర్‌ని మాన్పించారు. చొక్కాలు లాండ్రీకి వెళ్ళడం మానేశాయి. అత్తగారి మోకాళ్ళకు రోజూ కాపడం కూడా ఆమె చేతికే వచ్చింది. చర్చిలో అడిగినవాళ్ళకు అబ్రహాం రక్తం తక్కువైందని చెప్పాడు. అసలు సంగతి చెబితే మెంటల్ అనుకుంటారట. అదే హాస్పిటల్లో పనిచేసే దెబోరా ఒక్కతే ఫోన్ చేసి, "అక్కా, నా అపార్ట్‌మెంట్‌కి వచ్చి పడుకో. ఎవరూ లేపరు" అంది. వసంతకుమారి నవ్వి ఊరుకుంది. పిల్లనూ ఇంటినీ వదిలి పడుకోవడానికి వెళ్ళే ఆడదాన్ని ఆమె ఎక్కడా చూడలేదు.

శనివారం మధ్యాహ్నం హాలు నిండింది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని, ఈ బిడ్డకు విశ్రాంతి దయచేయమని దేవుణ్ణి గట్టిగా వేడుకున్నారు. మాటమాటకూ అందరూ ఆమేన్ అంటున్నారు. వంటింట్లో టీకి పెట్టిన పాలు పొంగుతున్న వాసన వచ్చింది. కళ్ళు తెరవకుండానే, వంచిన తల ఎత్తకుండానే అత్తగారు మెల్లిగా అంది:

"పాలు, కుమారీ."

వసంతకుమారి ఒక్కొక్కరినీ చూసింది. అందరి కళ్ళూ మూసే ఉన్నాయి, అబ్రహాంవి కూడా. మాడువాసన అందరి ముక్కులకూ తగులుతోంది. ఒక్కరూ కదల్లేదు. ఆమె లేస్తుందని వాళ్ళందరికీ దేవుడి మీదకన్నా గట్టి నమ్మకం.

ఆమె లేచింది. వంటింటి వైపు వెళ్ళలేదు. లోపల పాప నిద్రపోతోంది. దుప్పటి సరిచేసి, కాసేపు దాని పక్కన నిలబడింది. కోటు వేసుకుని, తలుపు మెల్లిగా దగ్గరకు లాగి బస్సెక్కింది.

దెబోరా తలుపు తీసింది. మంచం చూపించి, కర్టెన్లు లాగి, చప్పుడు చెయ్యకుండా బయటికి వెళ్ళింది. నిద్ర రాలేదు. పాప లేచి తనకోసం అడుగుతుందేమోనన్న ఆలోచన మనసులో తిరుగుతూనే ఉంది. అయినా ఆమె పడుకునే ఉంది.

సాయంత్రం అబ్రహాం ఫోన్ చేశాడు. పాప ఏడుస్తోందన్నాడు. ఎత్తుకోండి అంది. ఎప్పుడొస్తావన్నాడు. తగ్గాక వస్తానంది. అటువైపు ప్రార్థనకు వచ్చినవాళ్ళ మాటలు ఇంకా వినిపిస్తున్నాయి. అతను గొంతు తగ్గించి అడిగాడు.

"వీళ్ళందరికీ ఏం చెప్పమంటావు?"

"డ్యూటీకి వెళ్ళిందని చెప్పండి" అంది వసంతకుమారి. "దానికైతే ఎవరూ ఏమీ అనరు."