బిస్కట్ కుడికన్ను

ఆర్డిస్ మోచేయి నీళ్ళలో ముంచి చూసింది. వేళ్ళతో చూస్తే తెలియదు. కుడిచేతి చివరి రెండు వేళ్ళకీ స్పర్శ పోయి తొమ్మిదేళ్ళయింది. నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయి. ప్లాస్టిక్ తొట్టి అడుగున పాత తువాలు పరిచి, పాముని రెండు చేతులతో ఎత్తి అందులోకి దించింది.

"పద తల్లీ, స్నానం."

బిస్కట్ చిన్నజాతి కొండచిలువ. ఆ పేరు గాజుపెట్టె మీద టేపు అంటించి రాసి ఉంటే, అదే ఉంచేశారు. ఇల్లు ఖాళీ చేసిపోయినవాళ్ళు దాన్ని పెట్టెతో సహా వదిలేశారు. మూడు వారాల తర్వాత ఇంటి యజమాని తలుపు తీసేసరికి హీటరు ఇంకా మండుతూనే ఉందట. మిన్నెసోటా చలికాలంలో హీటరు గాలికి మనుషుల పెదవులే చీలిపోతాయి. ఆ గాలిలో కుబుసం ఊడక, తడిసి ఆరిన కాగితంలా ముక్కలు ముక్కలుగా ఒంటికి అతుక్కుపోయింది. తోక దగ్గర పాత చర్మం దారంలా బిగుసుకుని, ఆ కింద కొస నల్లబడింది. కళ్ళమీద మీగడ కట్టినట్టు పొరలు. పాముకి రెప్పలుండవు. కంటిమీది పొర కూడా కుబుసంతో పాటే రావాలి. రాకపోతే పాము గుడ్డిదే.

వచ్చి ఏడు వారాలైనా అది ఏమీ తినలేదు. పోయిన గురువారం జంతువుల డాక్టర్ ఓల్మన్ పెట్టెలోకి వంగి చూసి, "వచ్చే వారానికి కూడా కళ్ళు తేటపడకపోతే సూది వేసి పంపించేద్దాం ఆర్డిస్. ఊరికే బాధపెట్టడం ఎందుకు?" అన్నాడు.

ఈరోజు గురువారం. ఆయన మూడింటికి వస్తాడు.

దిక్కులేని జంతువుల కోసం ఆ షెల్టరు నడిపే జోలీన్ కుక్కల వైపు నుంచి తల పెట్టి చూసింది. ఆర్డిస్ కంటే పాతికేళ్ళు చిన్నది.

"ఇంకా నానబెడుతున్నావా? నా బట్టలు కూడా అంతసేపు నానబెట్టను నేను."

"నీ బట్టలు చూస్తేనే తెలుస్తోందిలే."

జోలీన్ పగలబడి నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "టేపు అంటించి ఒక్క లాగు లాగితే పొర వచ్చేస్తుందట. పాములు పెంచేవాళ్ళెవరో నెట్‌లో పెట్టారు. మూడింటికల్లా తేలిపోతుంది కదా, ఏదో ఒకటి."

"లాగను."

లాగడమే ఆర్డిస్‌కి వచ్చిన పని. ఊరిచివర టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీలో ఇరవై మూడేళ్ళు చర్మం ఒలిచే వరసలో నిలబడింది. కొక్కేనికి వేలాడుతూ వచ్చిన కోడి రొమ్ముమీద బొటనవేలు దూర్చడం, మణికట్టు తిప్పడం, ఒక్క గుంజు. నిమిషానికి పద్దెనిమిది. నిద్రలో కూడా చెయ్యి దుప్పటిని గుంజేది. "ఏదో ఒకరోజు నన్ను కూడా ఒలిచేస్తావే," అనేవాడు ఆమె భర్త డేల్. అలా ఒలిచే పని లేకుండానే, ఆరేళ్ళ కిందట, ట్రక్కులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పిల్లల్లేరు. రిటైరైన రోజు ఫ్యాక్టరీవాళ్ళు ఆమెకి గడ్డకట్టిన టర్కీ కోడి ఒకటి ఇచ్చారు. చర్మంతో సహా.

షెల్టరులో చేరిన మొదటి ఏడాది ఎర్రచారల పాము ఒకటి వచ్చింది. దానికీ ఇలాగే కంటిపొర. పట్టకారుతో అంచు దొరికింది. దొరికిందని మనసుకి తెలిసేలోపే మణికట్టు తిరిగింది. పొరతో పాటు కన్ను వచ్చింది. ఆర్డిస్ పట్టకారు తీసుకెళ్ళి చెత్తలో పడేసి, కుక్కల గదులు కడగడానికి వెళ్ళిపోయింది.

నలభై నిమిషాలు నానాక పాముని తీసి నీలంరంగు తడితువాలులో వదులుగా చుట్టింది. ఒళ్ళో పెట్టుకుని, తువాలు మీద చేతులు ఆనించి కూర్చుంది. చెయ్యి గోడలా ఉండాలి, అంతే. కదలాల్సింది పాము. బిస్కట్ మెల్లగా ముందుకి పాకింది. తువాలు గరుకుకి వీపుమీద చర్మం చిట్లి, ముడతలు పడి, వెనక్కి జారింది. తల ఒకవైపు నుంచి బయటికొస్తే, తువాలు తిప్పి మళ్ళీ మొదటికి పెట్టింది. మధ్యాహ్నం గుడ్డు శాండ్‌విచ్ ఎడమచేత్తోనే తింది.

ఒంటిగంట దాటాక తోక దగ్గర ఉంగరంలా బిగిసిన పాత చర్మం తెగింది. రెండున్నరకి పాము తలని తువాలు మడతకేసి రెండుసార్లు రుద్దుకుంది. తల బయటపెట్టినప్పుడు కుడికన్ను నల్లగా, తడిగా మెరిసింది.

ఆర్డిస్ వేలు కదిపింది. కన్ను వేలివెంట తిరిగింది. ఫ్రీజర్లోంచి తీసి వెచ్చబెట్టిన ఎలుకని చిమటాతో చూపించింది. బిస్కట్ నాలుక ఆడించింది. చాలాసేపు చూసింది. తినలేదు. ఎడమకన్ను మీద పొర అంచు లేచి ఉంది. గోటికి అందుతుంది. ఆర్డిస్ చేతుల్ని తొడలకింద పెట్టుకుని కూర్చుంది.

మంచువల్ల డాక్టరు నాలుగింటికి గాని రాలేదు. బూట్లు దులుపుకుంటూనే అడిగాడు, "లాగావా?"

"లేదు. దానంతట అదే వచ్చింది."

"తిందా?"

"చూసింది, డాక్టర్. ఎలుకని చూసింది."

ఓల్మన్ టార్చి వేసి కంట్లోకి చూశాడు. తోక నొక్కి చూశాడు. సంచీ జిప్పు సగం తీసినవాడు, మళ్ళీ మూసేశాడు.

"సరే. ఇంకో గురువారం. నీకోసం, దానికోసం కాదు."

"కాఫీ తాగుతారా?" అంది ఆర్డిస్. ఆమె నోటికి వచ్చిన కృతజ్ఞత అంతే.

పాముని తువాలులోనే వెచ్చటి పెట్టెలో పడుకోబెట్టి, గిన్నెలు కడిగింది. నేల తుడిచింది. ఆదివారం చర్చి భోజనాల్లో మిగిలిన కాసరోల్ వంటకం ఇంట్లో ఉంది, రాత్రికి అది చాలు. ఐదున్నరకి పొడితువాలు మార్చడానికి పెట్టెలో చెయ్యి పెట్టింది.

బతికున్న పాముని ఎత్తితే ఎక్కడో ఒకచోట అది మనల్ని పట్టుకుంటుంది. ఇది పట్టుకోలేదు. రెండువైపులకీ జారింది.

ఆర్డిస్ గుండె ఆడుతోందేమోనని దాని గొంతుకింద మణికట్టు ఆనించి కూర్చుంది. పాముల విషయంలో తొందరపడకూడదు. కోటు వేసుకుని వచ్చిన జోలీన్, ఆమె ముఖం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"దాని ఒంట్లో సత్తువ లేదు ఆర్డిస్. ఏడు వారాలు. నువ్వేమీ లాగలేదు కదా."

"లాగలేదు."

"మరి?"

"అదే. లాగలేదు."

జోలీన్ దగ్గరికొచ్చి, భుజంమీద చెయ్యి వేసి, కాసేపుండి వెళ్ళింది. ఆర్డిస్ పాముని శుభ్రమైన దిండుగలీబులో పెట్టింది. పెట్టెమీది కార్డులో తేదీ వేసి, "కుడికన్ను తేటపడింది" అని రాసి, ఆ కింద "చనిపోయింది" అని రాసింది. తువాలు ఉతుకులో వేయబోయి, దులపబోయి, ఆగింది. బల్లమీద విప్పి పరిచింది.

నీలం నూలుమీద కందిబద్దంత కంటిపొర, చెక్కుచెదరకుండా, చిన్న గిన్నె బోర్లించినట్టు ఉంది. దానికింద తువాలు పోగులు పక్కవాటికంటే కాస్త పెద్దవిగా కనబడుతున్నాయి.