చెవుడు వచ్చిన ఎనిమిది నెలలు

అత్తగారు కళావతమ్మ మీద ప్రేమలతకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ పిలుపు తాళంలో ఉండదు. పిలవొద్దని ఎవరన్నారు? ఇరవై రెండేళ్లుగా పిలుస్తూనే ఉంది, ఇంకో ఇరవై రెండేళ్లు చల్లగా పిలవనీ. కానీ పాట నాలుగేసి దెబ్బల లెక్కన నడుస్తున్నప్పుడు ఏ ఒకటో దెబ్బ మీదో "ఓ ప్రేమా" అంటే ఎంత బాగుంటుంది! ఆ పిలుపూ పాటలో కలిసిపోతుంది, చేతిలో పనీ ఆగదు. ఆవిడ అలా కాదు. పియానో తగ్గి, దరువు ఆగి, పాడే ఆవిడ ఊపిరి తీసుకుని ఇక గొంతెత్తబోతుందనగా, సరిగ్గా మూడున్నర మీద, పూజగదిలోంచి "ఓ పిల్లా, వత్తులు యాడ వెట్టినవే?" అని అందుకుంటుంది. ఏళ్ల తరబడి సాధన చేసినా అంత కచ్చితంగా తాళం తప్పడం ఎవరికీ రాదు.

ఆ పాటల సంగతి చెప్పాలి. హనుమకొండ సుబేదారిలోని ఆ ఇంట్లో సోల్‌ఫుల్ హౌస్ అనే ఒక రకం విదేశీ పాటల పేరు తెలిసిన మనిషి ప్రేమలత ఒక్కతే. కొడుకు అఖిల్ హైదరాబాదులో ఉద్యోగానికి పోతూ పాత ఫోనూ, పాత ఇయర్‌బడ్సూ అమ్మకు వదిలిపెట్టాడు. ఫోనులో వాడి పాటల యాప్ అలాగే ఉంది. ప్రతి శుక్రవారం పొద్దున అందులో కొత్త పాటలు వచ్చి పడతాయి. వాటిని వినే తీరిక వాడికి లేదు. వచ్చినవి వృథా పోవడమెందుకని ఆమె వినడం మొదలుపెట్టింది, గిన్నెలో మిగిలిన పప్పు తనే తినేసినట్టు.

మొదట్లో బరాత్ ముందు వాయించే డీజే మోత లాంటిదే అనుకుంది. కాదు. అడుగున ఒక దెబ్బ, రోట్లో రోకలి పడ్డట్టు, తొందరా లేదు, ఆగడమూ లేదు. దాని మీద పియానో. దాని మీద ఏ దేశపు ఆడమనిషో, దేవుడితో తగువు పెట్టుకుని చివరికి రాజీపడ్డట్టు పాడుతుంది. చాలా పాటల్లో ఉండేది కృతజ్ఞతే. పడ్డాను, లేచాను, ఇవాళ నిలబడ్డాను, నీ దయ. బీకాం ఇంగ్లీషుకు సగం మాటలే అందేవి. మిగతా సగం గిన్నెలు తోముతున్న చేతులకు అర్థమయ్యేవి.

వాటిలో ఇంకో ముచ్చట ఉంది. ఒక శుక్రవారం వచ్చిన పాట నెల తిరగకముందే నలుగురి చేతుల్లో పడి నాలుగు రకాలుగా తిరిగొస్తుంది. ఒకరు దరువు పెంచుతారు. ఒకరు గొంతు మొత్తం తీసేస్తారు. ఒకరు అయిదు నిమిషాల పాటను తొమ్మిది నిమిషాలకు సాగదీస్తారు. వాటిని రీమిక్సులంటారని అఖిల్ ఫోనులో వివరించబోతే ఆమెకు నవ్వాగలేదు. ఆ విద్య ఆమెకు కొత్తా? పెళ్లైన కొత్తలో భర్త పాండురంగం ఒక మాటన్నాడు, "నువ్వు ఇంట్లనే ఉంటవు గద" అని. అది ఒరిజినల్. అత్తగారు దాన్ని అందుకుని "ఇంట్లనే ఉంటివి, జర అప్పడాలొత్తరాదు" అని నిదానం చేసింది. నర్సంపేటలో ఉన్న ఆడబిడ్డ రాజేశ్వరి "వదినె ఇంట్లనే ఉంటది గద, పిల్లల్ని సెలవులకు ఆడికే తోలుత" అని ఊపు పెంచింది. గ్యాసు బండకు ఎదురుచూడటం, కరెంటు ఆఫీసుకు పోవడం, చౌరస్తాలో పాండురంగం నడిపే స్టీలు సామాన్ల దుకాణానికి ఆర్డర్లు రాసుకోవడం, అన్నీ ఆ ఒక్క మాట మీద కట్టినవే. పెళ్లిళ్లలో చుట్టాల నోట తొమ్మిది నిమిషాలదీ విన్నది.

చెవుడు వచ్చింది దసరాకు ముందు శుక్రవారం నాడు. ఆ రోజు పాటలో వాయిద్యాలన్నీ ఆగిపోయి గొంతు ఒక్కటే మిగిలింది. ఎడమ చెవిలో బడ్, దాని మీద జుట్టు. కళావతమ్మ నాలుగుసార్లు పిలిచి, అయిదోసారి వచ్చి భుజం తట్టింది. ప్రేమలత అదిరిపడింది. సాయంత్రం పాండురంగం చెప్పులు విడవకముందే ఆవిడ తీర్పు చెప్పేసింది: "పాండూ, కోడలికి చెవులు మందమైనయ్ రా."

పాండురంగం తర్కం తెలిసిన మనిషి. వెనకనుంచి వచ్చి, మామూలు గొంతుతో, "ప్రేమా, బంగారం దుకాణానికి పోదామా?" అన్నాడు.

ఆమెకు స్పష్టంగా వినపడింది. ఇరవై రెండేళ్లలో ఎన్నడూ పుట్టని వాక్యం అది. ఇవాళ ఉన్నట్టుండి పుట్టిందంటే తిరకాసు ఉండే ఉంటుందని, తిరగకుండా వంకాయలు కోసింది.

"అమ్మా, నువ్వన్నది నిజమే" అన్నాడతను, నిజంగానే దిగులుపడి.

ఆమె ఒక్క అబద్ధమూ చెప్పలేదు. నీకు వినపడుతుందా అని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. అంతే.

ఆ తర్వాత ఇంట్లో వింతలు జరిగాయి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి కేకలు ఆగిపోయాయి. ఎవరికేం కావాలన్నా లేచి, నడిచి, ఆమె ముందుకొచ్చి, ముఖంలోకి చూసి చెప్పాల్సి వచ్చింది. సగం అవసరాలు నడిచొచ్చేలోగానే చచ్చిపోయేవి. చాయ్ తాగాలన్న కోరిక, వంటింటిదాకా లేచి రావడమంత పెద్దది కాదని పాండురంగానికి తెలిసింది. నీళ్ల ఫిల్టరు ఏ మూలనుందో, తన బనియన్లు ఏ అరలో ఉంటాయో కనిపెట్టాడు. మాట్లాడేటప్పుడు భార్య కళ్లలోకి చూడటం కూడా అప్పుడే మొదలైంది. అతని కుడి కనుబొమ్మలో ఒక తెల్ల వెంట్రుక ఉందని ఆమె అప్పుడే చూసింది. అందుకూ ఆ పాటలకే మనసులో దండం పెట్టుకుంది.

దుకాణం ఆర్డర్ల ఫోను కూడా ఆమె చేతిలోంచి పోయింది, చెవిటిదానికి ఫోనెందుకని. ఇన్నాళ్లూ మధ్యాహ్నాలు ఊళ్లనుంచి వచ్చే ఫోన్లన్నీ ఆమే ఎత్తేది. ఎవరికెన్ని బిందెలు, ఏ సైజు గంజులు, ఎవరి పెళ్లి ఎన్నడు, అన్నీ నోటుబుక్కులో రాసేది. ఇప్పుడవి పాండురంగం ఎత్తాడు. కేసముద్రంలో ఒక పెళ్లివారికి బిందెలు పోవాల్సిన చోట బేసిన్లు పోయాయి. ఇంకో ఇంటి సారె సామాను పెళ్లైన మర్నాడు చేరింది. "ఈ మందికి మాట్లాడుడు రాదు" అని అతను జనాన్నే తిట్టుకున్నాడు.

ఆమె శుక్రవారాలు మాత్రం నిండుగా ఉన్నాయి. తలస్నానం చేసి, దీపం పెట్టి, పప్పు కుక్కర్లో వేసి, పది గంటలకు కొత్త పాటలు తెరిచేది. ఏ రీమిక్సులో పాడే మనిషికి మర్యాద దక్కిందో, ఏ దాంట్లో ఆమెను మూలకు నెట్టారో మనసులోనే మార్కులు వేసేది.

చెవుడుకి ఇంకో లాభం ఉంది, నష్టమూ అదే. జనం ఆమె ముందే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

సంక్రాంతి దాటాక రాజేశ్వరి వచ్చింది. ప్రేమలత పొయ్యి దగ్గర మిర్చి బజ్జీలు వేస్తోంది. అన్నాచెల్లెళ్లు మూడడుగుల దూరంలో బల్ల దగ్గర కూర్చుని ఆ బజ్జీలే తింటున్నారు.

"పాపం అన్నా, ఈ వయసుల వదినెకు ఇదేం కష్టం! చెవులు లేకుంటె ఎట్ల?"

పాండురంగం బజ్జీ ఊదుకుంటూ అన్నాడు: "దానికేం ఫికర్ చెల్లె? దుకాణంల కూసునేదా, ఆఫీసుకు పోయేదా? ఇనపడకుంటె ఆగే పనేమున్నది దానికి?"

కోపంతో అనలేదు. ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా అన్నాడు. ప్రేమలత చేతిలోని మిరపకాయ నూనెలోకి జారింది. తిరిగి చూస్తే చెవుడు పోతుంది. తిరక్కపోతే ఆ మాట అలాగే ఉండిపోతుంది. ఆమె తిరగలేదు. తర్వాతి వాయి బజ్జీలు కొంచెం మాడ్చింది. అన్నాచెల్లెళ్లు అవీ తిన్నారు.

ఆ మాటకు రీమిక్సులు అక్కర్లేదు. ఒరిజినలే రోజుకు పదిసార్లు దానంతటదే మోగేది.

తర్వాత నెల ఇంకొకటి విన్నది. ప్రేమలత డాబా మీద దుప్పట్లు ఆరేస్తోంది. కళావతమ్మ పిట్టగోడకు ఆనుకుని పక్కింటి సమ్మమ్మతో మాట్లాడుతోంది.

"నా మోకాళ్లు పట్టుకపోయిన యాడాది, సమ్మమ్మా, కన్నబిడ్డ రెండు దినాలుండి పోయింది. ఈ పిల్లనే నన్ను లేపింది, కూసోబెట్టింది, తానం చేపిచ్చింది. ఒక్కనాడు మొకం ముడువలే. ఇయ్యాల నేను నడుస్తాన్ననంటె దాని పుణ్యమే."

"మరి ఆ మాట ఆమెతోని చెప్పరాదు అక్కా?"

"ఎదురుంగ చెప్తె నెత్తికెక్కుతది."

ప్రేమలత ముఖానికి అడ్డంగా తడి దుప్పటి పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆ రోజు పప్పుచారులో ఉప్పు రెండుసార్లు పడింది. కళావతమ్మ తిట్టింది. ఆ తిట్టు కూడా తియ్యగా వినపడింది.

ఇలా గడిచిపోయేదే. కానీ అఖిల్‌కు సంగతి తెలిసి, ఫోనులోనే ఊళ్లోని చెవుల డాక్టరు దగ్గర పరీక్షకు పేరు రాయించాడు. జూన్‌లో ఒక శుక్రవారం, పది గంటలకు. సరిగ్గా పదింటికే!

వారం రోజులు ఆమె రెండు దారులూ తూచింది. పరీక్షలో వినపడలేదంటే చాలు, చెవికొక మిషన్ పెడతారు. దాన్ని తీసి డబ్బాలో పెట్టుకుంటే శుక్రవారాలు భద్రం. వినపడిందంటే కేకలు తిరిగొస్తాయి, ఆర్డర్ల ఫోను తిరిగొస్తుంది, ఇంట్లనే ఉంటివి గదా తిరిగొస్తుంది. లెక్క చూస్తే చెవుడే మేలు.

శుక్రవారం పొద్దున, బయల్దేరేముందు, కొత్త పాటలు చూసింది. నెలక్రితం ఆమెకు బాగా నచ్చిన పాటొకటి రీమిక్సై వచ్చింది. ఒరిజినల్‌లో పాడే ఆవిడ గొంతు నున్నగా, కడిగిన గాజులా ఉండేది. ఈ రీమిక్సు చేసినవాళ్లెవరో చుట్టూ ఉన్నదంతా తీసేసి, ఆమె రెండు మాటల మధ్య పీల్చిన ఊపిరిని అలాగే వదిలేశారు. ఆ పాట ముప్పై సార్లు విన్న ప్రేమలతకు ఆ ఊపిరి ఉందనే తెలియదు. ఎవరో శుభ్రం కోసం చెరిపేశారు. పాడిన మనిషి మాత్రం ఊపిరి తీసుకునే పాడింది కదా.

దవాఖానలో ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికొక మీట ఇచ్చారు. "చిన్న చప్పుడు ఇనపడ్డా నొక్కండి ఆంటీ" అంది పరీక్ష చేసే అమ్మాయి. అద్దం అవతల పాండురంగం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని ముఖంలో నిజమైన భయం ఉంది. అది చూసి ఆమెకు జాలేసింది, జాలేసినందుకు చిరాకేసింది.

మొదటి చప్పుడు వచ్చింది. బొటనవేలు మీట మీద ఆగింది. ఆ ఒక్క క్షణంలో ఆమెకొకటి తట్టింది. చెవిటిదానిగా మిగిలిపోతే భర్త మాటకు జవాబు చెప్పే వీలుండదు, సరే, అది ఎలాగో మోస్తుంది. కానీ అత్తగారికి దండం పెట్టేదెలా? మీరన్నది విన్నాను, నా కడుపు నిండిందని చెప్పేదెలా? వినలేదంటే అదీ వినలేదనే కదా.

నొక్కింది. ఆపైన వచ్చిన ప్రతి చప్పుడుకూ నొక్కింది. పాట అడుగున దాగిన గవ్వల గలగల కూడా ఏరుకునే చెవులవి. చివరికొచ్చేసరికి దోమ రెక్కంత చప్పుడుకు కూడా నొక్కింది.

"ఆంటీ చెవులు నాకన్న మంచిగున్నయ్ అంకుల్" అంది ఆ అమ్మాయి, కాగితం చూపిస్తూ.

"మరి పిలిస్తె పలుకదేందమ్మా?"

"ఇనపడుతున్నదా లేదా అనేదే మా పరీక్ష అంకుల్. ఎందుకు పలుకరో మీరే అడగాలె."

తిరుగు దారిలో సిగ్నల్ దగ్గర స్కూటరు ఆగినప్పుడు, అతను ముందుకే చూస్తూ, "బంగారం దుకాణం మాట ఇనపడ్డదా?" అన్నాడు.

"ఇనపడ్డది."

"మరి తిరుగలేదేంది?"

"నమ్మలే."

పచ్చలైటు పడింది. వెనకవాళ్లు హారన్లు కొట్టేదాకా స్కూటరు కదల్లేదు. దసరా నుంచి ఇప్పటిదాకా ఆమె ముందే అన్న మాటలన్నీ అతని మెడ వెనకనుంచి చెవులదాకా ఎర్రగా పాకడం ఆమెకు కనిపించింది.

ఇంటి గుమ్మంలో కళావతమ్మ ఎదురొచ్చింది. "ఏమన్నడు డాక్టరు?"

"చెవులు సక్కగనే ఉన్నయట" అన్నాడు కొడుకు.

"మరి రోగమేడున్నది?"

పాండురంగం వంగి చెప్పులు విడవడంలో మునిగిపోయాడు. ప్రేమలత అత్తగారి పక్కన మంచం మీద కూర్చుంది. "అత్తమ్మా, డాబా మీద సమ్మమ్మతోని నా గురించి చెప్పిండ్లు గద. ఇన్న. ఆ మాట ఎంత బలమిచ్చిందో మీకెరుక లేదు. అప్పుడే చెప్పాల్సింది, చెప్పలే. మీకు దండం పెడుత."

కళావతమ్మ కళ్లు చెమర్చాయి. వెంటనే ముఖం గోడవైపు తిప్పుకుంది. "ఏమంటాన్నవో ఏందో పిల్లా, నాకే ఈ నడుమ సరిగ ఇనపడ్తలేదు" అంది. కోడలి చేతిని మాత్రం గట్టిగా పట్టుకునే ఉంది.

పాండురంగం నిలబడిన చోటే నిలబడ్డాడు. "ప్రేమా... రాజి వచ్చిన నాడు..."

"అదీ ఇన్న."

"ఏదో మాట వరుసకు..."

"నాతోని అనలేదు గద మీరు. నాతోని ఎందుకు చెప్తాన్లు? ఎవరితోని అన్నరో వాళ్లతోని చెప్పుండ్లి."

ఆమె లేచి జుట్టు పైకి ముడి వేసుకుంది, రెండు చెవులూ కనపడేలా. హాల్లో అతని కుర్చీలో కూర్చుంది. "శుక్రవారం పొద్దున పది నుంచి పన్నెండు దాక నేను పాటలింట. దాసుకోను. ఎవరికేం కావాల్నన్నా నడిచి రావాలె" అంది. బడ్స్ చేతిలోకి తీసుకుంది, చెవుల్లో పెట్టుకోలేదు.

పాండురంగం ఫోను తీశాడు. ఒకసారి జేబులో పెట్టాడు. మళ్లీ తీశాడు. అవతల రాజేశ్వరి గొంతు హాలంతా వినపడింది. "ఏందన్నా ఈ యాళకు? వదినెకేమన్నరు?"

"వదినె చెవులు మంచిగున్నయ్. ఎన్నడూ ఏం కాలే. ఫోను పెద్దగ వెట్టిన, ఇంటాంది."

రాజేశ్వరి కూడా తన మాటలు లెక్కేసుకుంటున్నట్టుంది.

"ఆ దినం నీతోని అన్న గద చెల్లె, ఇనపడకుంటె ఆగే పనేమున్నదని." అతను గొంతు సవరించుకున్నాడు. భార్యవైపు తిరిగి, ముఖంలోకే చూస్తూ, ఫోనులోకి చెప్పాడు. "తప్పన్న. కేసముద్రం ఆర్డర్ కాడి నుంచి ఈ ఎనిమిది నెలల ఆగినయన్నీ నా పనులే. తప్పు నాదే, రాజీ."