అనుమానపు పూస

ఇమ్మానుయేల్ నెత్తుటిలోని జన్యువు అక్షరాలను పెద్దన్న పైకి చదువుతున్నారు, ఇమ్మానుయేల్ రాసుకొంటున్నాడు. ఆ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఇరవై రెండేళ్లుగా, టెక్నీషియన్‌గా ఉన్న ఈ కడప జిల్లా పెద్దన్న కన్నే ప్రమాణం. లైట్ బాక్సు మీద ఎక్స్‌రే ఫిల్ము పరచి, నిచ్చెనమెట్ల వంటి నల్లని గీతలను కిందినుండి పైకి చదవడంలో ఆయనకు సాటి లేరు.

ఆనాడు చదవవలసినది ఒకే మాట: సి, ఏ, జి. మళ్లీ అదే, మళ్లీ అదే. ముప్పై ఐదు సార్లు మించకుంటే భయం లేదు. ఆపైన, నలభై లోపు, ఎటూ చెప్పలేరు. నలభై చేరితే, లాలాపేట్‌లో ఇమ్మానుయేల్ తండ్రిని పన్నెండేళ్లు కాలూ చెయ్యీ ఆడించి, చివరకు గుటకైనా దిగనీయక తీసుకుపోయిన జబ్బే కొడుకునూ పట్టుకొంటుంది. దానికి మందు లేదు. తాను ప్రేమించిన నిరోషతో పెళ్లికి, పరిశోధక విద్యార్థి అయిన ఇమ్మానుయేల్ ఇన్నాళ్లూ ఔననక, కాదనక నిలిచినది ఈ అంకె కోసమే.

"సార్ చదువుతుంటే మా పాస్టరయ్య ప్రార్థన లెక్క ఉన్నది. ఎంతసేపైనా ఒడవనే ఒడవదు," అన్నాడతడు, నవ్వు తెచ్చుకొని.

"గమ్మునుండబ్బీ, లెక్క దప్పుతాది."

ముప్పై నాలుగు వచ్చింది. ఆ ఆదివారమే చర్చిలో, వరుసగా మూడు వారాలు చదివే పెళ్లి ప్రకటనల్లో మొదటిది చదివారు.

సోమవారం తెల్లవారుజామున, తార్నాకలోని తన ఇంట, పెద్దన్న జపానికి కూర్చున్నారు. వేలికింద జపమాల పూస జారింది. తిప్పినట్టా, తిప్పనట్టా? తాత నేర్పిన నియమం చొప్పున అనుమానపు పూసను లెక్కలో వేసుకోక మళ్లీ తిప్పారు. దేవుని ఎదుట తక్కువ చెప్పుకొంటే దోషం లేదు. ఎక్కువ చెప్పుకొంటేనే పాపం.

అంతలో ఆయన చెయ్యి ఆగిపోయింది. ఫిల్ము పైభాగాన, గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన చోట, అనుమానం తగిలిన ప్రతిసారీ తాను చేసినదీ అదే గదా!

జపం ముగియకుండానే ప్రయోగశాలకు నడిచారు. అలా లెక్కకు రాక వదిలేసిన మాటలు ఏడు. కలిపితే నలభై ఒకటి. అవతలి కొసనుండి చదివిన ఫిల్మూ ఆ చోటే మసకబారింది. వేదం వల్లించే క్రమపాఠంలో ఒక పదం కొస పట్టి తరువాతి పదాన్ని అందుకొన్నట్లే, రెండు ముక్కలు కలిసే చోటు పట్టి అతుకుతారు. ఇక్కడ ఎక్కడ పట్టినా అదే మాట. ఎక్కడ అతికినా అతుకుతుంది. బాక్టీరియాలో పెంచిన అదే జన్యువు వేరే నకళ్లు తీసి చూశారు: ఒకటి ముప్పై ఆరు, ఒకటి ముప్పై తొమ్మిది. నకలు తీస్తూ ఆ క్రిములూ పూసలు జారవిడుస్తాయి.

పదింటికి ఇమ్మానుయేల్ మిఠాయి పొట్లంతో వచ్చాడు.

"అబ్బీ, నేను తక్కువ లెక్కబెట్నా," అన్నారు పెద్దన్న. ఆపైన ఏదీ దాచలేదు.

అతడు పొట్లాన్ని బల్లమీద పెట్టాడు. చాలాసేపు తన వేళ్లనే చూసుకొన్నాడు; అవి కదలడం లేదు.

"మరి ఎంతని రాయాలె సార్?"

"తెల్దు నాయనా."

"ఇంకో ఫిల్ము తీస్తే తెలుస్తదా?"

తీసినా ఆ చోటే మసకబారుతుందని పెద్దన్నకు తెలుసు. అయినా పాత ఫిల్మునే మళ్లీ లైట్ బాక్సు మీద పరిచారు. ఇమ్మానుయేల్, రెండో ప్రకటన వచ్చే ఆదివారమని మెల్లగా గుర్తుచేసి, కుర్చీ లాక్కొని, నోటుబుక్కులో కొత్త పుట తెరిచాడు.

"చదువుండ్రి సార్."

ఆయన అట్టడుగు గీతపై వేలు పెట్టారు.

"సి," అన్నారు.